నానమ్మకూ ఒక టీసీ కావాలి

పిల్లలూ,

బదిలీ ఉత్తర్వు వచ్చిన మర్నాటి నుంచి ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్న లారీ వాళ్ళతో బేరమాడుతుంటారు. అమ్మ అట్టపెట్టెల మీద పేర్లు రాస్తుంటుంది. మీరు బడికి వెళ్ళి టీసీ తెచ్చుకుంటారు. ఆ ఒక్క కాగితం చేతిలో ఉంటే చాలు, కొత్త ఊళ్ళో మీ చదువు ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

మరి మీతోపాటే ఊళ్ళు మారే నానమ్మకో, అమ్మమ్మకో, తాతయ్యకో అలాంటి కాగితం ఉందా? ముఖ్యంగా ఒకసారి ఎముక విరిగి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మందు వాడాల్సిన పెద్దవాళ్ళకు? చాలా ఇళ్ళలో ఉండదు. ఆపరేషన్ బాగా జరుగుతుంది, ఎముక అతుకుతుంది, నానమ్మ మళ్ళీ నడుస్తుంది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి మందు ఆగిపోతుంది. ఆగిందని ఇంట్లో ఎవరూ గమనించరు కూడా. ఆ మందు ఎందుకు, అది ఎక్కడ ఆగిపోతుంది, ఆగకుండా మనం ఏం చేయగలం అన్నదే ఈ వ్యాసం.

బొక్క, ఎముక, హాడకుం

తెలుగు పాఠాలు చెప్పేవాళ్ళం కనుక మాట దగ్గర మొదలుపెడతాం. కోస్తా జిల్లాల్లో ‘బొక్క’ అంటే రంధ్రం. తెలంగాణలో ‘బొక్క’ అంటే ఎముక. సిరిసిల్ల నుంచి వచ్చిన నానమ్మ “బొక్కలు నొస్తున్నయి బిడ్డా” అంటే ఏలూరు వైపు పిల్లవాడు తెల్లబోతాడు. మనం ఉంటున్న ఈ వడోద్‌లో, పాండేసరా వీధుల్లో, ఇదే ఎముకను గుజరాతీలో ‘హాడకుం’ అంటారు.

డాక్టర్లు చెప్పే ‘ఆస్టియోపోరోసిస్’ అనే పేరులో తెలుగువాళ్ళ రెండు బొక్కలూ ఉన్నాయి. ‘ఆస్టియో’ అంటే ఎముక. ‘పోరోసిస్’ అంటే చిన్న చిన్న రంధ్రాలు పడటం. బొక్కలో బొక్కలు పడటం అన్నమాట. తెలుగులో ‘ఎముకలు గుల్లబారడం’ అంటాం.

ఈ జబ్బుతో ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, అది నొప్పి పెట్టదు. షుగరు ఎక్కువైతే దాహం వేస్తుంది, జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. ఎముక గుల్లబారుతుంటే మాత్రం ఏమీ తెలియదు. బాత్రూములో కాలు జారి చెయ్యి ఆనించగానే మణికట్టు విరుగుతుంది. మంచం దిగుతూ పడితే తుంటి ఎముక విరుగుతుంది. నీళ్ళ బిందె ఎత్తగానే వెన్నుపూస నొక్కుకుపోతుంది. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రానికే పెద్దవాళ్ళలో ఎముక విరిగితే, అది ‘పాపం, కాలు జారింది’ అని వదిలేసే విషయం కాదు. ఎముక గుల్లబారిందేమో చూడండి అని ఒళ్ళు చేస్తున్న హెచ్చరిక అది. ఒకసారి అలా విరిగినవాళ్ళకు మరో ఎముక విరిగే ప్రమాదం మిగతావాళ్ళకంటే సుమారు రెండింతలు.

పలచబడిన నేత

సూరత్ బట్టల ఊరు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. కాబట్టి బట్టతోనే పోల్చి చెబుతాం.

ఎముక రాయిలాంటిది కాదు. అందులో కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు పడుగూ పేకలా అల్లుకుని ఉంటాయి. ఆ పోగుల మీద కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజం గంజి పట్టించినట్టు పట్టి ఉంటుంది. పోగుల వల్ల ఎముక కొద్దిగా వంగుతుంది, ఖనిజం వల్ల గట్టిగా నిలుస్తుంది. (భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో కనిపెట్టారు. విద్యార్థులు ఆ పద్ధతిని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతోనే చదువుకుంటారు.)

ఈ బట్ట ఒకసారి నేసి వదిలేసినది కాదు. మన ఒంట్లో రెండు రకాల కణాలు రాత్రీ పగలూ పనిచేస్తుంటాయి. ఒక జట్టు పాత ఎముకను తవ్వి తీసేస్తుంది. రెండో జట్టు అక్కడే కొత్త ఎముకను నింపుతుంది. పెద్దవాళ్ళలో ఏడాదికి పదో వంతు ఎముక ఇలా మారుతుంటుంది. మీ వయసులో నింపే జట్టుది పైచేయి. అందుకే మీ ఎముకలు గట్టిపడుతున్నాయి. సుమారు ముప్ఫై ఏళ్ళ దాకా ఎముకల నిధి కూడుతుంది. ఆ తర్వాత మెల్లగా తవ్వే జట్టుది పైచేయి అవుతుంది. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోయిన తర్వాత కొన్నేళ్ళపాటు ఈ తవ్వకం మరీ జోరుగా సాగుతుంది. అందుకే ఈ జబ్బు నానమ్మల్లో ఎక్కువ కనిపిస్తుంది. తాతయ్యలకు రాదని కాదు, కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాత చీర ఒకచోట చిరిగితే అక్కడ కుట్టు వేయిస్తాం. కుట్టు గట్టిగానే ఉంటుంది. కానీ చీర మొత్తం నేత పలచబడి ఉంటే, రేపు ఇంకోచోట చిరుగుతుంది. తుంటి ఎముకకు డాక్టరు వేసిన రాడ్డూ స్క్రూలూ ఆ కుట్టులాంటివి. అవి విరిగిన చోటును నిలబెడతాయి. పలచబడిన నేత మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని పట్టించుకునేది మందు. ఎముక అతికింది కదా, ఇంకా మందు ఎందుకు అని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ చీర సంగతి చెప్పండి.

మందు చేసే పని

ఎక్కువగా వాడే మందుల కుటుంబం పేరు బిస్ఫాస్ఫోనేట్లు. స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్ అనే శాస్త్రవేత్త బృందం 1960లలో వీటి గుణాన్ని బయటపెట్టింది. ఈ మందు ఎముక పైపొరకు అంటుకుని ఉంటుంది. తవ్వే కణాలు అక్కడికి వచ్చి పని మొదలుపెట్టగానే మందు వాటిలోకి చేరి జోరు తగ్గిస్తుంది. తవ్వకం తగ్గితే నింపే జట్టుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ మందులు రకరకాలుగా వస్తాయి. అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్ మాత్రలు ఎక్కువగా వారానికి ఒకసారి వేసుకునేవి. ఐబాండ్రోనేట్ మాత్ర నెలకొకసారి. జోలెడ్రోనిక్ ఆమ్లాన్ని ఏడాదికి ఒకసారి సెలైనులా ఎక్కిస్తారు. వేరే కుటుంబానికి చెందిన డెనోసుమాబ్ ఆరు నెలలకొకసారి చర్మం కింద చేసే ఇంజెక్షను. టెరిపరటైడ్ రోజూ చేసుకునే ఇంజెక్షను, అది నింపే జట్టును హుషారు చేస్తుంది. ఎవరికి ఏది అన్నది కిడ్నీల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి, ఇతర జబ్బులు చూసి డాక్టరే నిర్ణయిస్తారు.

ఇవి నిజంగా పనిచేస్తాయా? అంతకుముందే వెన్నుపూస విరిగిన స్త్రీలకు అలెండ్రోనేట్ ఇచ్చి చేసిన పెద్ద పరిశీలన ఫలితాలు 1996లో వచ్చాయి. మూడేళ్ళలో తుంటి ఎముక విరగడం వాళ్ళలో సగానికి తగ్గింది. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించి, ఆపైన ఏడాదికోసారి ఇచ్చిన పరిశీలన 2007లో వెలువడింది. కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం తగ్గింది. మరణాలు కూడా 28 శాతం తగ్గాయి. తుంటి విరిగి మంచాన పడటమంటే పెద్దవాళ్ళకు ఎంత ప్రమాదమో ఆ రెండో అంకె చెబుతుంది.

అయితే ఇదంతా మందు వేసుకుంటేనే. ఏళ్ళ తరబడి మందులు వాడాల్సిన జబ్బుల్లో, సంపన్న దేశాల్లో కూడా, దాదాపు సగం మందే సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే నివేదిక ఇచ్చింది. నొప్పే లేని ఈ జబ్బులో మానేయడం ఇంకా సులువు.

పరగడుపున అంటే

‘పరగడుపు’ అనే మాట మీలో ఎంతమందికి తెలుసు? పొద్దున లేచాక ఏమీ తినకుండా, తాగకుండా ఉన్న ఖాళీ కడుపు. గుజరాతీ డాక్టరు ‘భూఖ్యా పేటే’ అంటారు, హిందీలో ‘ఖాలీ పేట్’ అంటారు. వారం మాత్ర సంగతంతా ఈ ఒక్క మాటలో ఉంది.

అలెండ్రోనేట్ మాత్ర సరిగా వేసుకున్నా, మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. కాఫీతోనో నారింజ రసంతోనో వేసుకుంటే ఆ కాస్తలో కూడా సగానికి పైగా పోతుంది. పాలు, టీ, కాల్షియం బిళ్ళ కూడా అడ్డమే. అందుకే పరగడుపున, గ్లాసు నిండా మామూలు మంచినీళ్ళతో మింగాలి. నమలకూడదు, చప్పరించకూడదు. ఆ తర్వాత కనీసం అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. నడుం వాల్చకూడదు. కూర్చోవచ్చు, నిలబడవచ్చు, వరండాలో నడవవచ్చు. ఐబాండ్రోనేటుకు అయితే గంట ఆగాలి. పడుకుంటే మాత్ర అన్నవాహికలోకి ఎగదన్ని అక్కడ పుండు చేయగలదు. కాబట్టి మింగడం కష్టమయ్యేవాళ్ళు, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. వాళ్ళకు వేరే దారి ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళలో పొద్దున్నే ఏం జరుగుతుందో చూడండి. నానమ్మ లేవగానే కాఫీయో టీయో తాగుతుంది. డెబ్భై ఏళ్ళ అలవాటు అది. దాన్ని రోజూ మార్చమంటే కుదరదు. కానీ వారానికి ఒక్క పొద్దు మాత్రమే మార్చాలి. మీకు సెలవు ఉన్న ఆదివారం అనుకోండి. నానమ్మ లేవగానే నీళ్ళూ మాత్రా మీరే అందించండి. అరగంట ఆమెతో కూర్చుని కబుర్లు చెప్పండి. ఆమె చిన్నప్పటి ఊరి సంగతులు అడగండి. ఆ తర్వాత కాఫీ. ఆ అరగంట కూర్చోవడం ఆమెకు శిక్షలా అనిపించదు.

ఎందుకు మానేస్తారు

మానేసినవాళ్ళను చూసి ‘పెద్దవాళ్ళు మొండి’ అనేస్తాం. కారణం వెతికితే మొండితనం చాలా తక్కువ చోట్ల కనిపిస్తుంది. బదిలీల మీద ఎన్నో ఊళ్ళు తిరిగిన మేము తెలుగు ఇళ్ళలో విన్న కారణాలు ఇవి.

మొదటిది, తేడా కనపడకపోవడం. మందు వేసుకున్నా వేసుకోకపోయినా నానమ్మకు ఒంట్లో ఒకేలా ఉంటుంది. ఈ మందు చేసే మేలు ‘జరగని ప్రమాదం’. జరగనిదాన్ని ఎవరు చూడగలరు?

రెండోది, రెండు బిళ్ళలు ఒకటే అనుకోవడం. కాల్షియం బిళ్ళనూ, వారం మాత్రనూ కలిపి ‘బలం బిళ్ళలు’ అంటారు. రెండూ ఒకటే కదా అని ఖరీదైనది మానేసి కాల్షియం ఒక్కటే వాడతారు. కాల్షియం గంజి మాత్రమే, తవ్వకాన్ని ఆపేది ఆ వారం మాత్ర. దీనికి తలకిందులైన పొరపాటు ఇంకా ప్రమాదం. వారానికొకటి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం.

మూడోది, కడుపులో మంట. మాత్ర పడలేదని చెప్పకుండా మానేస్తారు. డాక్టరుకు చెప్పి ఉంటే ఇంజెక్షనుకు మార్చేవారు.

నాలుగోది, భయం. జోలెడ్రోనిక్ ఆమ్లం మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. సాధారణంగా అవే తగ్గిపోతాయి. ముందే చెప్పి ఉంటే ‘ఆహా, చెప్పారు కదా’ అనుకుంటారు. చెప్పకపోతే ‘మళ్ళీ ఆ సూది జోలికి వెళ్ళను’ అంటారు. దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముక విచిత్రంగా విరగడం అనే అరుదైన ఇబ్బందులు నిజంగానే ఉన్నాయి. అందుకే పళ్ళు పీకించేముందు ఈ మందు సంగతి దంతవైద్యుడికి చెప్పాలి. కొత్తగా తొడలో నొప్పి మొదలైతే డాక్టరుకు చెప్పాలి. మాత్రలు అయిదేళ్ళు, సెలైను మూడేళ్ళు అయ్యాక కొందరికి కొంతకాలం విరామం ఇవ్వవచ్చేమో డాక్టరు చూస్తారు. ఆ విరామం డాక్టరు చెప్పాల్సింది, మనంతట మనం తీసుకునేది కాదు.

అయిదోది, ఖర్చు. బయట దుకాణంలో ధర ఎక్కువనిపిస్తే జన ఔషధి కేంద్రంలో అదే మందు ఉందేమో అడగవచ్చు.

ఆరోది భాష. ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం. నానమ్మకు తెలుగు ఒక్కటే వచ్చు. డాక్టరు గుజరాతీలోనో హిందీలోనో చెబుతారు. ‘అఠవాడియామా ఏక్ వార్’ అంటే వారానికి ఒకసారి. ఆ మాట నానమ్మ చెవికి శబ్దంగా చేరుతుంది, అర్థంగా చేరదు. అక్కడ దుబాసీ ఎవరు? మీరే. మూడు భాషలు చదువుతున్న మీరు. చెప్పింది తెలుగులో చెప్పి, ‘ఇప్పుడు నువ్వు నాకు చెప్పు నానమ్మా, ఎలా వేసుకోవాలి?’ అని తిరిగి చెప్పించుకోండి. ఆమె నోటితో సరిగా చెబితేనే అర్థమైనట్టు.

ఏడోది వంతులు. నాలుగు నెలలు పెద్దకొడుకు ఇంట్లో, నాలుగు నెలలు చిన్నకొడుకు ఇంట్లో, పండగకు కూతురింట్లో. ఆ పైన బదిలీలు. మందుల సంచి ఒక ఇంట్లో, ఎక్స్‌రేలు ఇంకో ఇంట్లో, చీటీ ఎక్కడో. మందు చూసుకునేవాళ్ళు వాళ్ళని వీళ్ళు, వీళ్ళని వాళ్ళు అనుకుంటారు.

అడిగే తీరు

“నానమ్మా, బిళ్ళ వేసుకున్నావా?” అని రోజూ గద్దించి అడిగితే ఆమె “ఆఁ, వేసుకున్నాలే” అంటుంది. వేసుకోకపోయినా అదే అంటుంది. పోలీసు ప్రశ్నకు అలాంటి జవాబే వస్తుంది. దానికి బదులు, “నానమ్మా, వారం బిళ్ళ చాలామంది అప్పుడప్పుడు మరచిపోతారట. పోయిన నెలలో నీకు ఎన్ని తప్పాయి?” అనండి. తప్పడం మామూలే అన్నట్టు అడిగితే నిజం బయటికి వస్తుంది. “వేసుకున్నాక గుండెలో మంటగా ఉంటుందా?” “ఈ బిళ్ళ దేనికనుకుంటున్నావు?” అని కూడా అడగండి. ఆమె చెప్పిన కారణాన్ని అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్ళు డాక్టరుకు చెబుతారు. కారణం తెలిస్తే దానికి తగిన మందు మార్చవచ్చు, వేళ మార్చవచ్చు. తిడితే ఏదీ మారదు.

ఇలా వెంటపడి అడిగే పనికే కొన్ని దేశాల్లో ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా మనుషులున్నారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1990ల చివర ఆ పద్ధతి రూపుదిద్దుకుంది. ఎముక విరిగి వచ్చిన ప్రతి పెద్ద వయసు రోగినీ ఒక నర్సు గుర్తించి, ఎముక సాంద్రత పరీక్ష చేయించి, మందు మొదలయ్యేలా చూసి, ఆ తర్వాత కూడా అడుగుతుంటారు. అంతర్జాతీయ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ 2012 నుంచి ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రోత్సహిస్తోంది. అలాంటి నర్సు మన ఊళ్ళో లేకపోతే, ఆ పనిలో అడగడం, గుర్తుపెట్టుకోవడం అనే రెండు భాగాలు ఇంట్లోవాళ్ళే పంచుకోవచ్చు.

నానమ్మ టీసీ

ఇక ఆ కాగితం సంగతి. ఒక తెల్లకాగితం తీసుకుని అమ్మానాన్నల సాయంతో ఇవి రాయండి.

పేరు, పుట్టిన సంవత్సరం. ఏ ఎముక విరిగింది, ఏ తేదీన, ఆపరేషన్ అయితే ఏం వేశారు.

మందు పేరు. కంపెనీ పెట్టిన పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు. ఎందుకంటే హైదరాబాదులో దొరికిన కంపెనీ సూరత్‌లో దొరక్కపోవచ్చు. అసలు పేరు ఉంటే డాక్టరు గానీ ఫార్మసిస్టు గానీ అదే మందు మరో కంపెనీది చూసి ఇవ్వగలరు. పేరు పక్కనే మోతాదు, ఎన్నాళ్ళకొకసారి, ఎప్పుడు మొదలుపెట్టారు.

చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, తర్వాతది ఎప్పుడు. ఈ వరుసను ఎర్ర సిరాతో రాయండి. ముఖ్యంగా డెనోసుమాబ్ అయితే. ఈ ఇంజెక్షను పనితనం ఆరు నెలలే. గడువు దాటితే ఆగి ఉన్న తవ్వకం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఒకటి కంటే ఎక్కువ వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. దీన్ని ఆపాలంటే డాక్టరు ఇంకో మందుతో భర్తీ చేస్తారు, ఊరికే ఆపరు. సామాన్లు ఇంకా విప్పలేదు, కొత్త ఊళ్ళో డాక్టరు తెలియదు అన్న కారణంతో రెండు మూడు నెలలు జరిగిపోవడం మన ఇళ్ళలో ఎంత సులభమో మీకు తెలుసు. గడువు బదిలీ రోజుల్లో పడేలా ఉంటే, బయలుదేరేముందే డాక్టరును అడిగి ఏర్పాటు చేసుకోవాలి.

ఎముక సాంద్రత పరీక్ష ఎప్పుడు చేశారు, టి-స్కోరు ఎంత. 1994 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే గుల్లబారినట్టు. దాని కింద కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షల ఫలితాలు.

మిగతా జబ్బులు, మందులు, పడని మందులు. పాత డాక్టరు ఫోను నంబరు.

ఈ కాగితానికి మూడు ప్రతులు. ఒకటి నానమ్మ చేతిసంచిలో, ఒకటి నాన్న ఫోనులో ఫొటోగా, ఒకటి పెద్దనాన్న ఇంట్లోనో అత్త ఇంట్లోనో. నానమ్మ ఏ ఇంటికి వంతు మారినా కాగితం ఆమెతో వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం ఆభా పేరుతో ఇస్తున్న 14 అంకెల ఆరోగ్య ఖాతాలో రిపోర్టులు దాచుకోవచ్చు కూడా. అయినా సంచిలో కాగితం ఉండనివ్వండి. చార్జింగు అయిపోయినా కాగితం చదవవచ్చు.

తిండి, ఎండ, తడినేల

మందు ఒక్కటే అన్నీ చేయదు. గంజి లేనిదే నేత నిలవదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం తక్కువ ఆదాయం ఉన్న స్త్రీల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఎముక సాంద్రత తక్కువగా ఉన్నవాళ్ళు ఎక్కువమందే కనిపించారు. వాళ్ళ తిండిలో కాల్షియం అవసరమైనదానికంటే చాలా తక్కువ. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల్లోనే విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని 2007లో చూపించారు. ఇంత ఎండ కాసే నేల మీద!

పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, నెలసరి ఆగిన స్త్రీలకు 1200 కావాలని మన దేశపు లెక్క. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, గ్లాసు పాలల్లో సుమారు 240 ఉంటాయి. రాగి జావ, పెరుగు, నువ్వుల ఉండ మన వంటింటివే. ఇక్కడి మజ్జిగా మంచిదే. అయితే ఆదివారం మాత్ర తర్వాత అరగంట గడిచాకే సుమా.

ఎముక విరగకుండా ఉండాలంటే పడకుండా ఉండటం కూడా ముఖ్యం. నున్నటి టైల్సు మీద వానాకాలపు తడి, రాత్రిపూట చీకటి, బాత్రూము గడప, జారే చెప్పులు, కంటిలో శుక్లం. కొత్త ఇంట్లో దిగిన మొదటి వారంలో ఇవి ఇంకా ప్రమాదం, నానమ్మకు ఇంటి మూలలు అలవాటు కావు కనుక. అట్టపెట్టెలు ఆమె నడిచే దారిలో పెట్టకండి. మంచం నుంచి బాత్రూముకు రాత్రి చిన్న దీపం ఉంచండి.

మీరు చేయకూడనివి

మీరు దుబాసీలు, గుర్తుచేసేవాళ్ళు. డాక్టర్లు కారు. మోతాదు మార్చకండి. మాత్ర తప్పితే మర్నాడు రెండు వేయించకండి. వారం మాత్ర తప్పితే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, ఆపైన మామూలు రోజుకే వేసుకోవడం అలెండ్రోనేటుకు ఉన్న పద్ధతి. మిగతావాటికి డాక్టరును అడగండి. నానమ్మ మానేయాలని నిశ్చయించుకుంటే ఆమె మాట కూడా వినాలి. ఒళ్ళు ఆమెది. ఆమె భయం ఏమిటో డాక్టరు ముందు చెప్పే అవకాశం ఇవ్వడం మన బాధ్యత.

ఏటా అక్టోబరు 20 ప్రపంచ ఆస్టియోపోరోసిస్ దినం. అందాకా ఆగక్కర్లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. బదిలీ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో మనకు చెప్పి రాదు. ఈ ఆదివారం అరగంట కూర్చుని నానమ్మతోనే ఆ కాగితం నింపండి. తాతయ్యదీ, ఊళ్ళో ఉన్న అమ్మమ్మదీ ఫోనులో అడిగి రాయండి. ఖాళీగా మిగిలిన వరుసలకు గుర్తు పెట్టుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అడగాల్సినవి అవే.